మనుషులుండగానే పెంకుటింటి మరమ్మతు: ఏది ముందు, ఏది వెనక

విశాఖ చుట్టూ భీమిలి, ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు తాతల నాటి పెంకుటిల్లు, వెనక అరెకరమో ఎకరమో దొడ్డి ఉన్నవాళ్లు మరమ్మతు మాట ఎత్తగానే ముందు ఖర్చు లెక్క వేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది పనుల వరస. ఖాళీ ఇంటికి ఏ పని ముందు పెట్టుకున్నా నడిచిపోతుంది. ముసలివాళ్లు, బడిపిల్లలు, సాలలో పాడి ఆవు ఉన్న ఇంటికి అలా కుదరదు. మరుగుదొడ్డి, నీళ్లు, వంట, తడవని గది ఒకటి ముందు కావాలి. తర్వాత కప్పు, ఆ తర్వాత గోడలు. గచ్చు, రంగులు ఆఖర్న. టైల్సు ముందే వేయించేసి, వాటి మీదే సున్నం డ్రమ్ములు దొర్లించే ఇళ్లు చాలానే ఉన్నాయి.

కాలం కూడా చూసుకోవాలి. జూన్ మధ్య నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. కోతల రోజుల్లో కూలీలు దొరకరు, సంక్రాంతికి ఎవరూ రారు. ముక్కనుమ వెళ్లాక మొదలుపెట్టి ఉగాదిలోపు కప్పు పని ముగించడం మేలు. ఏప్రిల్ దాటితే సాయంత్రాలు ఈదురుగాలి భయం. పదో తరగతి పిల్లలుంటే మార్చిలో పరీక్షలు, కాబట్టి వాళ్లు చదువుకునే గది పైకప్పు జనవరిలోనే అయిపోవాలి. మూఢం, శూన్యమాసం పట్టింపున్న ఇంట్లో మేస్త్రికి బయానా ఇచ్చే ముందే పంతులుగారిని అడిగేయండి. పెంకులు దించాక తెలిస్తే ఇంట్లో గొడవే.

మొదటి పదిహేను రోజుల పని

మరుగుదొడ్డికి జంట గుంతలు చాలు. ఒక్కోటి మీటరు వెడల్పు, గొట్టం కింద నుంచి మీటరు లోతు, చుట్టూ సందులు వదిలి ఇటుక కట్టు. ఐదుగురున్న ఇంటికి ఒక గుంత సుమారు 3 ఏళ్లు వస్తుంది. నిండాక గొట్టం రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని కనీసం 2 ఏళ్లు వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. నూతికి 15 మీటర్ల దూరం ఉంచండి. తీరానికి దగ్గరగా, వానాకాలంలో నీరు పైకి ఉబికే నేలలో ఈ గుంతలు పనికిరావు. అక్కడ సెప్టిక్ ట్యాంకే కట్టుకోవాలి.

పని జరిగినన్నాళ్లూ నూతిలో దుమ్ము, ఆకు పడుతూనే ఉంటాయి. మూత వేయించండి, బ్లీచింగ్ వేయండి. 1000 లీటర్లకు 2.5 గ్రాముల లెక్క. నుయ్యి 3 మీటర్ల వెడల్పు, నీరు 2 మీటర్ల లోతు ఉంటే సుమారు 14,000 లీటర్లు, అంటే 35 గ్రాములు. పొడి నేరుగా చల్లకూడదు. బకెట్లో కలిపి, తెల్లటి మడ్డి అడుక్కి దిగాక పైతేట మాత్రం చేదతో నీటి లోపలికి దించి బాగా కదపాలి. గంట ఆగి తోడుకోవచ్చు.

వంట వసారాలోకి మార్చేటప్పుడు గ్యాసు బండ నిలువుగా, గాలి ఆడే చోట ఉండాలి. కట్టర్ నిప్పురవ్వలు పడే వైపు అసలొద్దు. పనివాళ్ల మిషన్లకు వేరే బోర్డు పెట్టించి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్ వేయించండి. పాత ఇంట్లో గుడ్డ చుట్టిన వైర్లుంటే బాగు చేయించే ఆలోచన మానుకోండి, మొత్తం తీయించేయాల్సిందే.

కప్పు

పెంకులు ముట్టుకునే ముందు కర్ర చూడాలి. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపల నిలబడితే వెలుగు చుక్కలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి, కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత నిచ్చెన వేసుకుని స్క్రూడ్రైవర్‌తో దూలం గుచ్చి చూడండి. నడుమ గట్టిగా ఉన్నా, గోడలోకి దిగిన కొసలే ముందు పుచ్చుతాయి. గోడ చెమ్మ అక్కడ కర్రకు తగులుతుంది, గాలి తగలదు. స్క్రూడ్రైవర్ సెంటీమీటరుకు మించి దిగితే ఆ కొస పోయినట్టే. అప్పుడు దూలం కింద సరుగుడు బాదులు ఆసరాగా నిలబెట్టి, పుచ్చిన భాగం కోసేసి, రెండు వైపులా అదే రకం చెక్క పట్టీలు బోల్టులతో బిగించాలి. మళ్లీ గోడలో కూర్చోబెట్టేటప్పుడు కొస చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. ఆ ఖాళీని సిమెంటుతో నింపేయడం మేస్త్రీల అలవాటు, పక్కన నిలబడి ఆపాల్సిందే.

బెంగుళూరు పెంకులు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. పాతవాటిలో పగిలినవి లెక్కపెట్టి 10 శాతం అదనంగా కొనండి. ఒక పెంకు తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. వేరే ముద్ర పెంకు చూడ్డానికి ఒకేలా ఉన్నా అంచు గాడి కలవదు, మిల్లీమీటర్ల తేడాకే వాననీరు లోపలికి వస్తుంది. పడగొట్టిన ఇళ్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర అదే ముద్ర వెతకడం మేలు. దొరక్కపోతే కొత్తవన్నీ వెనక వాలుకి వేసి, ముందు వాలు మొత్తం పాతవాటితో నింపండి. ఒకే వాలులో మాత్రం కలపకండి.

రీపర్ల (పెంకులు ఆనే అడ్డపట్టీల) ఎడం టేపుతో కాదు, పెంకుతోనే కొలవాలి. నాలుగు పెంకులు నేల మీద వరసగా గాడిలో కూర్చోబెట్టి, పెంకు అడుగున ఉండే ఒక కొక్కెం నుంచి తర్వాతి పెంకు కొక్కేనికి దూరం తీసుకోండి. సాధారణంగా 32 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుప మేకులు కొన్నేళ్లకే తుప్పు పట్టి రాలతాయి, గాల్వనైజ్డ్ మేకులే వాడాలి.

మనుషులున్న ఇంట్లో కప్పంతా ఒకేసారి విప్పకూడదు. వెన్ను (రెండు వాలులు కలిసే పై అంచు) నుంచి చూరు దాకా 2 మీటర్ల పట్టీ మాత్రం పొద్దున దించాలి. నాచు వైరు బ్రష్‌తో గీకి, పెంకులు నిలువుగా, ఒకదానికొకటి ఆన్చి పేర్చాలి. పడుకోబెట్టి దొంతర వేస్తే అడుగువి విరుగుతాయి. మధ్యాహ్నం మూడింటికి రీపర్లు అయిపోవాలి, చీకటి పడేలోపు పెంకులు ఎక్కాలి. టార్పాలిన్ వెన్ను మీద చుట్టి, తాళ్లు కట్టేసి సిద్ధంగా ఉంచండి; మబ్బు పట్టాక వెతుక్కుంటే లాభం లేదు.

తుపాను గాలి పెంకుల్ని చూరు వైపు నుంచి, పక్క అంచుల నుంచి లేపుతుంది. అందుకే చూరు దగ్గర రెండు వరసలు, పక్క అంచుల వరసలు పెంకు అడుగున ఉండే రంధ్రంలోంచి రాగి తీగతో రీపరుకు కట్టాలి. మధ్యలోవి కట్టనక్కర్లేదు. వెన్ను పెంకులు 1 పాలు సున్నం, 3 పాళ్ల ఇసుకతో కూర్చోబెట్టండి. గట్టిగా ఉంటుందని సిమెంటు పెడతారు, కానీ ఎండకి కర్ర కదులుతుంది, సిమెంటు కదలదు, సన్నటి చీలిక వస్తుంది. ఆ చీలికలోంచి నీరు నేరుగా వెన్ను దూలం మీదే పడుతుంది.

గోడలు, సున్నం

మట్టి గోడ, రాతి గోడ, పాత సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, రెండు మూడు వానలకు పూత పలకలు పలకలుగా ఊడుతుంది. ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి: బయటి నేల లోపలి గచ్చుకంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి, చూరు నీరు గోడ మొదట్లో పడకూడదు. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి చెత్త, మట్టి చేరి అరుగు మునిగిపోయి ఉంటుంది. ఆ మట్టి తవ్వేస్తే సగం చెమ్మ పోతుంది, మందుల అవసరం లేకుండానే.

చెమ్మ కనిపించిన ఎత్తుకి అరమీటరు పై దాకా పూత గీకేసి నెల రోజులు ఆరనివ్వాలి. సున్నం నానబెట్టడం పెద్దవాళ్ల పని, పిల్లలు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. ఇనుప డ్రమ్ములో నీళ్లు ముందు పోసి, రాతిసున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. మరుగుతుంది కాబట్టి ప్లాస్టిక్ డ్రమ్ము వద్దు. కంట్లో పడితే 20 నిమిషాల పాటు ధారగా నీళ్లు పోస్తూ ఉండి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కనీసం 3 రోజులు, వీలైతే 2 వారాలు నానాలి. పూతకు 1 పాలు సున్నం, మూడు పాళ్ల ఏటి ఇసుక. సముద్రపు ఇసుక ఎంత చవగ్గా వచ్చినా వద్దు. సీసాలో ఇసుక, నీళ్లు కలిపి 3 గంటలు వదిలితే పైన తేరే మట్టి పొర ఇసుక మందంలో 8 శాతం దాటకూడదు. గోడ తడిపి, ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు మించకుండా, పూతకి పూతకి వారం ఎడం ఇచ్చి, ఎండ తగిలే వైపు తడి గోనెలు వేలాడదీయండి. త్వరగా ఆరితే సున్నం పొడై రాలుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రి దొరికితే సరే. తెలియని చోట ప్రయోగాలొద్దు, బెల్లం ఎక్కువైతే పట్టు ఆలస్యమవుతుంది, పైగా చీమలు.

చెదకి గోడ మొదట్లో అడుగుకో రంధ్రం వేసి ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలిపి పోస్తారు. నుయ్యి ఇంటిని ఆనుకుని ఉంటే ఆ వైపు మందు పోయొద్దు. లోపలి కర్రకు 1 కిలో బోరిక్ యాసిడ్, ఒకటిన్నర కిలో బోరాక్స్ 45 లీటర్ల వేడి నీటిలో కరిగించి రెండు మూడు సార్లు పూస్తే పురుగు పట్టదు. వానకి కడుక్కుపోతుంది కాబట్టి బయటి కర్రకు దండగ. పాత తలుపుల రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, గర్భిణులను, చంటిపిల్లలను ఆ వారం బంధువుల ఇంటికి పంపండి.

మనుషులు, పశువులు

మేస్త్రితో మాట్లాడేది ఇంట్లో ఒక్కరే అయి ఉండాలి. అత్తగారు కిటికీ ఇటు అని, కోడలు అటు అని చెబితే రెండుసార్లు కూలి పడుతుంది. అభిప్రాయాలన్నీ రాత్రి భోజనాల దగ్గర తేల్చుకుని, పొద్దున ఒక్కరు చెప్పాలి. కూలి వారానికోసారి సంతకి ముందురోజు ఇవ్వండి, పుస్తకంలో తేదీ వేసి ఇచ్చిన చోటే సంతకం పెట్టించుకోండి. పెద్దవాళ్ల గది ఆఖర్న ముట్టుకోండి. దేవుడి గూడు, మంచం, రాత్రి బాత్రూమ్ దారి వాళ్లకు అలవాటైన చోట ఉంటే సగం ఇబ్బంది తగ్గుతుంది.

పెంకుల దొంతరలు, పాత కర్రల గుట్టలు పాములకు ఇష్టం. గుట్టలు ఇంటికి దూరంగా, నేలకు అడుగు ఎత్తున బల్లల మీద వేయండి. చేతులు పెట్టే ముందు కర్రతో తట్టండి. కట్లపాము ఎక్కువగా రాత్రి నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది కాబట్టి పని జరిగినన్నాళ్లు అందరూ మంచాల మీద, దోమతెర అంచు పరుపు కిందికి దోపి పడుకోవాలి. కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

ఆవు ఉన్న దొడ్లో పెద్ద ప్రమాదం మేకులే. గడ్డితో పాటు మింగిన తీగముక్క కడుపులోంచి గుండె దాకా గుచ్చుకుంటుంది. పని చోటుకి, గడ్డివాముకి మధ్య దడి కట్టండి. రోజూ సాయంత్రం పెద్ద అయస్కాంతాన్ని తాడు కట్టి నేల మీద ఈడ్చండి. సాల మీది సిమెంటు రేకులు పాతవైతే ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా తడిపి, బోల్టులు విప్పి నిండు రేకులుగా దించాలి.

మొక్కలు జూన్ వానల్లోనే వేస్తారు, గుంతలు మాత్రం ఏప్రిల్‌లో తవ్వి ఎండబెట్టాలి. మామిడి, జీడిమామిడికి 60 సెంటీమీటర్ల గుంత, జీడిమామిడి మొక్కల మధ్య 7 నుంచి 8 మీటర్లు. కొబ్బరికి మీటరు గుంత. కప్పు నీరు వృథా పోనివ్వకండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు, అందులో తడికి, చిందడానికి పోగా 800 దాకా పట్టుకోవచ్చు. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలేయాలి, అందులో రెట్టలు, దుమ్ము ఉంటాయి. ప్రహరీ, గేటు అన్నిటికన్నా ఆఖర్న కట్టించండి. ఇసుక లారీ దొడ్లోకి తిరగాలంటే మూడున్నర మీటర్ల దారి కావాలి, గేటు ముందే పెడితే ఇసుకంతా రోడ్డు మీద దింపి తట్టలతో మోయించాల్సి వస్తుంది.