గొడ్డుమాంసం, పందిమాంసం ఎగుమతుల ధోరణులను గమనించే విధానం

అంతర్జాతీయ మాంస వ్యాపారాన్ని గమనించదలచినవారు ముందుగా కస్టమ్స్ కోడ్‌లను తెలుసుకోవాలి. తాజా లేదా చల్లబరచిన గొడ్డుమాంసానికి 0201, గడ్డకట్టించిన దానికి 0202, పందిమాంసానికి 0203 అనే హెచ్‌ఎస్ (అంతర్జాతీయ సరుకుల వర్గీకరణ) కోడ్‌లు అన్నిచోట్లా ఒకటే కనుక, ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల డేటాబేస్ అయిన కామ్‌ట్రేడ్‌లో వీటితోనే వెతకవచ్చు. కాలేయం, నాలుక వంటివి 0206 కిందికి వస్తాయి. వాటిని కలిపారో లేదో చూడకుండా రెండు నివేదికలను పోల్చకూడదు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది బరువు విషయంలో. అమెరికా వ్యవసాయ శాఖ తన ప్రపంచ అంచనాలను కళేబరం బరువులోకి, అంటే ఎముకలతో సహా వధించిన పశువు బరువులోకి మార్చి ఇస్తుంది. కస్టమ్స్ లెక్కలు మాత్రం రవాణా అయిన సరుకు బరువునే చెబుతాయి. ఈ రెండింటినీ ఒకే పట్టికలో చేర్చితే నిజంగా లేని పెరుగుదల కనిపిస్తుంది. పైగా ఆ శాఖ భారతదేశపు గేదెమాంసాన్ని కూడా గొడ్డుమాంసంలోనే కలుపుతుంది.

త్వరగా సూచన కావాలనుకునేవారికి అదే శాఖ వారంవారం వెలువరించే ఎగుమతి అమ్మకాల నివేదిక ఉపయోగపడుతుంది, కానీ ఒక్క వారపు అంకెను కాక నాలుగు వారాల సగటును చూడడం మేలు. నెలవారీ లెక్కలను గత ఏడాది అదే నెలతో పోల్చాలి. చైనా నూతన సంవత్సరం తేదీ మారుతుంటుంది కనుక జనవరి, ఫిబ్రవరి నెలలను కలిపి చూడాలి.

పెద్ద మలుపులు తరచుగా వ్యాధుల వల్లే వస్తాయి. 2018 ఆగస్టులో చైనాలో పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడ్డాక, 2019, 2020లలో ఆ దేశపు పందిమాంసం దిగుమతులు విపరీతంగా పెరిగాయి. 2020 సెప్టెంబరులో జర్మనీలోని అడవిపందిలో అదే వ్యాధి కనిపించగానే చైనా అక్కడి పందిమాంసాన్ని నిషేధించింది. అందువల్ల ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థకు అందే వ్యాధి సమాచారాన్ని తేదీలతో సహా అంకెల పక్కనే నమోదు చేసుకోవాలి.