పాల క్యానుకు ముందు చన్నీళ్లే

ఎండాకాలంలో బొబ్బిలి, రాజాం పల్లెల్లో పాలు కేంద్రానికి చేరేలోపే విరిగిపోతుంటే గేదెను అనుమానించే ముందు క్యాను చూడండి. మెడ లోపల వేలితో రుద్దండి. జిగటగా, తెల్లటి పొర తగిలిందా? సూక్ష్మజీవులు దాక్కునేది అందులోనే. రేపటి పాలను పులియబెట్టేవి అవే.

ఖాళీ అయిన క్యానులో నేరుగా వేడినీళ్లు పోస్తే ఆ పొర పడుతుంది. వేడికి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి గోడకు అతుక్కుంటాయి. పాలు వంపిన వెంటనే, ఆరకముందే చన్నీళ్లతో తొలచండి. ఆ తర్వాతే వేడినీళ్లు, బ్రష్షు. స్టీలు క్యానుకైతే 10 లీటర్ల వేడినీళ్లలో 50 గ్రాముల చాకలి సోడా కలపండి, చేతులకు గ్లవుజులు వేసుకోండి. అల్యూమినియం క్యానుకు మాత్రం సోడా అస్సలు వద్దు, లోహాన్ని తినేస్తుంది. గిన్నెలు తోమే సబ్బు చాలు.

మూతకున్న రబ్బరు రింగును రోజూ ఊడదీసి విడిగా కడగాలి, చాలామంది వదిలేసేది దీన్నే. చివరగా మంచినీళ్లతో తొలిచి, కింద గాలి ఆడేలా రెండు కర్రల మీద బోర్లించండి. తడి క్యానుకు మూత బిగిస్తే తెల్లారేసరికి ముక్కవాసన ఖాయం.

ఇంకొకటి, రాత్రి పాలను పొద్దుటి పాలతో కలపకండి. విడి క్యానులోనే పోయండి.