దూరాల లెక్క, 4వ పాఠం: ముంబయి దగ్గర తప్పిన 31 కిలోమీటర్లు

ఈసారి రోడ్డు దూరం మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠంలో ఇచ్చిన తిరుపతి–ముంబయి విమాన దూరానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు పోబుద్ధి కాలేదు. సగానికి పైగా 953 కి.మీ. అని వేశారు, రావాల్సింది 922. ఆ తేడా తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి తిన్నగా గీత గీస్తే వచ్చేంత!

సూత్రం అందరూ బాగానే వాడారు. తప్పంతా ఒక్క చుక్కలో ఉంది. ఒకరు నోటుపుస్తకం ఫొటో పంపారు, చూడగానే అర్థమైంది. తిరుపతి అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు. దాన్ని 13.38 అని రాసుకున్నారు. డిగ్రీకి 60 నిమిషాలండీ, 100 కాదు! 38ని 60తో భాగిస్తే 0.63, కాబట్టి అది 13.63. గడియారంలో ఒకటిన్నరని 1.30 అని రాస్తాం కదా, దాన్ని ఒకటీ పాయింట్ మూడు గంటలని లెక్క కడతామా?

ముంబయి 19 డిగ్రీల 5 నిమిషాలు. 5లోంచి 38 పోదు కాబట్టి పక్కనుంచి ఒక డిగ్రీ అప్పు తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే వచ్చేవి 60 నిమిషాలు. 65లోంచి 38 తీస్తే 27. మొత్తం తేడా 5 డిగ్రీల 27 నిమిషాలు, అంటే 5.45. మీకు వచ్చింది 5.67. రేఖాంశంలోనూ ఇదే జరిగింది, సరైన తేడా 6 డిగ్రీల 32 నిమిషాలు.

'ఢిల్లీకి చేస్తే సరిగ్గానే వచ్చింది కదా' అని కొందరు అడిగారు. ఢిల్లీ అక్షాంశం 28 డిగ్రీల 37 నిమిషాలు. రెండు ఊళ్ల నిమిషాలూ 37, 38 అయ్యేసరికి తప్పు దారిలో 14.99, సరైన దారిలో 14.98 వస్తాయి. తప్పు బయటపడదు. అందుకే ఒక్క ఊరితో సరిచూసుకుని ధీమాగా ఉండొద్దు. హైదరాబాద్‌కి చేసి చూడండి, 428 బదులు 440 వచ్చి దొరికిపోతుంది.

నేనైతే దశాంశాల జోలికే పోను. అంతా నిమిషాల్లోకి మార్చేస్తాను. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1.852 కి.మీ. 5 డిగ్రీల 27 నిమిషాలంటే 327 నిమిషాలు, గుణిస్తే 605 కి.మీ. పైచిలుకు. రేఖాంశానికి మాత్రం ఆ వచ్చినదాన్ని మళ్లీ 0.96తో గుణించాలి, అది ఎందుకో 2వ పాఠంలో ఉంది. ఈ రెండు దూరాల వర్గాలు కూడి వర్గమూలం తీయడం, అదే మన సూత్రం, మీకు తెలిసిందే.

ఇక రోడ్డు. దూరపు ఊళ్లకి నేను విమాన దూరాన్ని 1.3తో గుణిస్తాను. హైదరాబాద్‌కి 556 వస్తుంది, కడప, కర్నూలు మీదుగా పోతే ఉండేది 560 దగ్గర్లోనే. ముంబయికి 1,199 వస్తుంది, బెంగళూరు మీదుగా 1,200 పైనే. కొండ అడ్డమొస్తే ఇది పనిచేయదు. అలిపిరి నుంచి తిరుమలకి తిన్నగా సుమారు 7 కి.మీ., పైకెళ్లే ఘాట్ రోడ్డేమో 18.

అభ్యాసం: చిత్తూరు (13 డిగ్రీల 13 నిమిషాలు, 79 డిగ్రీల 6 నిమిషాలు) నుంచి కోల్‌కతా (22 డిగ్రీల 34 నిమిషాలు, 88 డిగ్రీల 22 నిమిషాలు). ఎక్కడా దశాంశంలోకి మార్చకుండా, నిమిషాల్లోనే తేడాలు కట్టాలి. ఈ గీత కొంతదూరం సముద్రం మీదుగా పోతుంది. ఏ ఊరి దగ్గర ఒడ్డు దాటుతుందో అట్లాస్‌లో స్కేలు పెట్టి చూసి, ఇక్కడ 1.3 సరిపోతుందో లేదో కారణంతో సహా రాసి పంపండి.