నగర దృశ్యాలు, నకళ్లు: మూడో పాఠం – అచ్చుబొమ్మ నుంచి రంగుల్లోకి

గత పాఠంలో గళ్లు గీసి బొమ్మను పెద్దది చేయడం అభ్యసించాం. గళ్లు గీతను అందిస్తాయి గాని వెలుగును అందించవు. ఆ లోటును పూరించుకోవడమే ఈ పాఠం.

వెనిస్ చిత్రకారుడు కనలెత్తో (1697–1768) వేసిన గ్రాండ్ కెనాల్ (ఆ నగరపు ప్రధాన కాలువ) దృశ్యాలు చాలా జోసెఫ్ స్మిత్ అనే ఆంగ్ల వర్తకుడి వద్ద ఉండేవి. వాటిలో 14 చిత్రాలను ఆంటోనియో విసెంతిని అనే చెక్కుడు కళాకారుడు అచ్చు కోసం రాగిరేకుల మీద చెక్కగా, వాటి అచ్చులు 1735లో సంపుటంగా వెలువడ్డాయి. 1742 నాటికి రేకులు 38 అయ్యాయి. అసలు చిత్రాలను చూసే వీలు లేనివారు ఈ అచ్చులను ఎదుట పెట్టుకొనే నకళ్లు వేశారు. మేడల అంతస్తులు, పడవల స్థానాలు అచ్చులో ఉన్నాయి. గోడ ఏ రంగుదో, ఆ పూట ఎండ ఎంత పసుపో మాత్రం లేదు. అందువల్ల ఇలాంటి నకలును పరీక్షించేటప్పుడు కిటికీలు లెక్కపెట్టడం వృథా. ఆకాశమూ, గోడలూ, నీళ్లూ ఒకే ఎండలో ఉన్నాయా అన్నదే చూడాలి.

కనలెత్తో మేనల్లుడు బెర్నార్దో బెల్లొత్తో సంగతి వేరు. అతడు మేనమామ చిత్రశాలలోనే పని నేర్చాడు, అవే దృశ్యాలను వేశాడు. వారిద్దరిలో ఎవరిదో తేల్చడానికి నిపుణులే తడబడిన చిత్రాలున్నాయి. అయినా బెల్లొత్తో రంగులు చల్లగా, నీడలు మరింత నల్లగా ఉంటాయి. ఇది అచ్చు చూసి ఊహించిన తేడా కాదు, ఎరిగి ఎంచుకున్న తేడా. (నకలుకారుడన్న మాటను చిన్నచూపుతో వాడేవారు ఇతణ్ణి ఒకసారి గుర్తుచేసుకోవాలి.)

ఇక అభ్యాసం. ఏదైనా పాత నగర దృశ్యపు నలుపు-తెలుపు అచ్చును తీసుకోండి. అసలు చిత్రం రంగులను ముందుగా చూడవద్దు. నీడలు ఎటు పడ్డాయో గమనించి, సూర్యుడు ఉన్న దిక్కును అంచు మీద బాణంతో గుర్తించండి. పలుచని గోధుమరంగుతో నీడలన్నిటినీ ఒకేసారి నింపి, అది పూర్తిగా ఆరాకే ఆకాశానికి రంగు వేయండి. ఎండపడే గోడల రంగును ఆ ఆకాశాన్ని చూసి నిర్ణయించండి, నీళ్లను అన్నిటికంటే చివర వేయండి, ఎందుకంటే అవి పై రెండింటినీ ప్రతిబింబించాలి. అంతా ముగిశాకే అసలు చిత్రం తెరిచి, నీడలోని గోడలను మాత్రం పోల్చండి. ఎక్కువమంది అక్కడ ఉత్త నలుపు కలుపుతారు. మంచి చిత్రకారుడు ఎదుటి గోడ నుంచి తిరిగివచ్చే వెలుగును కూడా అక్కడ చూపిస్తాడు.

మనుషుల బొమ్మలను ఇప్పటికి వదిలేయండి. అవి వచ్చే పాఠంలో.