వేరే యూనివర్సిటీ ల్యాబ్‌కి రెండు నెలలు వెళ్లే ముందు

కోలామీ, గోండీ భాషల రికార్డింగులు పట్టుకుని నెదర్లాండ్స్‌కో జర్మనీకో వెళ్లబోయే లింగ్విస్టిక్స్ పీహెచ్‌డీ వాళ్లు ముందు చూసుకోవాల్సింది డేటా. మాట్లాడినవాళ్ల అనుమతి మీ థీసిస్ వరకే తీసుకున్నారా, బయటి ల్యాబ్‌లో వినిపించడానికి కూడానా? రెండోది లేకపోతే ఆ ఊరికి మళ్లీ వెళ్లి అడగండి, ఫోన్లో "సరేలే" అనిపించుకుంటే చాలదు.

ఆడియో వేవ్ (.wav) ఫైళ్లుగానే ఉంచండి, ఎంపీ3 చేస్తే పోయిన వివరాలు మళ్లీ రావు, ప్రాట్‌లో (మాటల శబ్దాలను కొలిచే సాఫ్ట్‌వేర్) కొలతలు తేడా కొట్టొచ్చు. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీలు పెట్టుకోండి, రెండూ ఒకే బ్యాగులో మాత్రం వద్దు (నేను పెట్టాను, ఏమైందో అడక్కండి).

షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) షార్ట్ స్టే వీసా అంటే 180 రోజుల్లో 90 రోజులే. మధ్యలో పక్క షెంగెన్ దేశానికి కాన్ఫరెన్స్ కోసం వెళ్లినా అవీ లెక్కే.

ఆహ్వాన లేఖలో తేదీలు, ఖర్చు ఎవరిదో రాయించుకోండి. అక్కడి ప్రొఫెసర్‌తో వారానికో గంట ముందే ఖాయం చేసుకోకపోతే లైబ్రరీ చూసి రావడమే అవుతుంది.