బాయిలర్ మీద ఏ డయల్ తిప్పొచ్చు, దేని జోలికి పోకూడదు

ఇల్లు చల్లగా ఉంటే చాలామంది నేరుగా, నీళ్లు కాచి రేడియేటర్ల ద్వారా గదుల్ని వెచ్చబరిచే బాయిలర్ దగ్గరికెళ్లి కనపడ్డ డయలల్లా పెంచేస్తారు. అక్కడ పెంచితే నీళ్లు ఇంకాస్త కాగుతాయి, అంతే. గదికి వేడి కావాలో వద్దో చెప్పేది గోడ మీది థర్మోస్టాట్. అది అడగగానే వేడి నీళ్లను గదులకు పంపే సర్క్యులేటర్ పంపు తిరుగుతుంది, నీళ్లు చల్లగా ఉంటే బర్నర్ వెలుగుతుంది, నీళ్లు ఎంత వేడెక్కాక బర్నర్ ఆగాలో ఆక్వాస్టాట్ చూసుకుంటుంది.

పాత రకం బాయిలర్లలో హై లిమిట్, అంటే బర్నర్ ఆగాల్సిన వేడి, సాధారణంగా 180 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే 82 సెల్సియస్ దగ్గర పెట్టి ఉంటుంది. కొన్నింటికి రోజువారీ పని చూసే కంట్రోల్ వేరు, అది మొరాయిస్తే ఆపడానికి ఇంకా ఎక్కువ వేడి మీద పెట్టిన లిమిట్ వేరు. ఆ రెండోదాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. దాని ఎర్ర బటన్ పదేపదే నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో అసలు లోపం ఉన్నట్టే, మెకానిక్‌ని పిలవండి.

స్నానాల నీళ్లు కూడా అదే బాయిలర్ లోపలి కాయిల్ నుంచి వస్తుంటే లో లిమిట్, డిఫరెన్షియల్ అని ఇంకో రెండు డయల్స్ కనిపిస్తాయి. ఇల్లు వేడి అడగకపోయినా నీళ్లు మరీ చల్లారకుండా లో లిమిట్ కాపాడుతుంది. ఎంత చల్లారాక బర్నర్ మళ్లీ వెలగాలో డిఫరెన్షియల్ చెబుతుంది. హై, లో మధ్య కనీసం 20 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా ఉంచండి, లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే థర్మోస్టాట్‌ని గది వేడి కంటే నాలుగైదు డిగ్రీలు పైకి పెట్టి బాయిలర్ దగ్గర నిలబడండి. రిలే టక్కుమంటుంది, పంపు సన్నగా గుయ్‌మంటుంది, తర్వాత బర్నర్ అందుకుంటుంది. గేజ్ ముల్లు హై లిమిట్ దగ్గరికొచ్చాక బర్నర్ ఆగాలి, పంపు మాత్రం తిరుగుతూనే ఉండాలి. ముల్లు ఆ అంకె దాటి కాస్త పైకి పోతే టెన్షన్ అక్కర్లేదు, కానీ బర్నర్ ఆగకుండా ముల్లు ఎక్కుతూనే ఉంటే వెంటనే ఎమర్జెన్సీ స్విచ్ ఆపేయండి. అలా కాకుండా బాయిలర్ మాత్రం సలసలా కాగి, రేడియేటర్లు చల్లగా ఉండి, బర్నర్ నిమిషానికోసారి వెలుగుతూ ఆరుతూ ఉంటే తప్పు డయల్‌ది కాదు, పంపు, జోన్ వాల్వ్ (ఇంట్లో ఒక్కో భాగానికి నీళ్లు వదిలే వాల్వ్), పైపుల్లో చేరిన గాలి చూడండి.

గ్యాస్ మిగులుతుందని పాత పోత ఇనుము బాయిలర్ డయల్‌ని బాగా తగ్గించేసేవాళ్లున్నారు. తిరిగొచ్చే నీళ్లు 130 ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే పొగలోని ఆవిరి ఆమ్లపు నీరుగా మారి లోపలి ఇనుమునీ పొగగొట్టాన్నీ తినేస్తుంది. పొగలోని ఆవిరిని కావాలనే నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకునే కండెన్సింగ్ బాయిలర్లకు మాత్రం ఆ చల్లని నీళ్లే లాభం. వాటికి బయటి చలిని బట్టి నీళ్ల వేడిని మార్చే అవుట్‌డోర్ రీసెట్ ఉంటే ఆపేయకుండా వాడుకోండి.

ఆయిల్ బర్నర్ లాకౌట్‌లో పడితే, అంటే మంట అందుకోక తనంతట తానే ఆగిపోతే, రీసెట్ బటన్ ఒక్కసారే నొక్కండి. మళ్లీ మళ్లీ నొక్కితే మండని ఆయిల్ లోపల చేరి, అంటుకున్నప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది.