పెల్లెట్లు చెదురుతున్నాయా? ఎయిర్ రైఫిల్‌కు సరైన పెల్లెట్ ఎంచుకోవడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో కొత్తగా ఎయిర్ రైఫిల్ కొన్నవారు మొదట అడిగేది ఒకటే: "అన్నిటికీ పనికొచ్చే పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండు) ఏది?" పెద్ద వేట రైఫిళ్ల లోకంలో ఇది పాత ప్రశ్నే. జింక నుంచి మూస్ అనే భారీ దుప్పి దాకా ఒకే బుల్లెట్‌తో సరిపెట్టుకోవాలని అమెరికా వేటగాళ్లు ఎప్పటి నుంచో చూస్తున్నారు. 1948లో అక్కడ అమ్మకానికి వచ్చిన నోస్లర్ పార్టిషన్ బుల్లెట్ ఆ కోరికకు పుట్టినదే. దాని ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం చెక్కుచెదరకుండా లోతుకు దిగుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి మన ప్రశ్న కాగితం మీది లక్ష్యం దగ్గరే ఆగుతుంది. పిట్టలకు ఏ పెల్లెట్ మంచిదని అడిగేవారికి ఇక్కడ జవాబు లేదు. కోతులను బెదిరించడానికి కాల్చడం కూడా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కిందికి వస్తుంది.

ఈ వ్యాసం 0.177 అంగుళాల, అంటే 4.5 మి.మీ. రైఫిళ్ల గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం ఈ కొలత దాటినా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు ఉండాలి. పెల్లెట్‌ను ఎంచుకోవలసింది గొట్టమే. డబ్బా మీద బొమ్మకు, ధరకు, పక్క లేనులో కాల్చేవారి సలహాకు ఆ తరువాతే చోటు.

ఐదు పెల్లెట్లు ఐదు దిక్కులకు పోతున్నాయి

ఎక్కువమంది దుకాణానికి పరుగెత్తేది ఈ సమస్యతోనే, అదీ తొందరపడి. ముందు రైఫిల్‌ను అనుమానించండి. స్ప్రింగ్ రైఫిల్ (స్ప్రింగు తోసే పిస్టన్‌తో గాలిని నొక్కే రకం) ప్రతి షాటుకూ వెనక్కీ ముందుకూ కుదుపు ఇస్తుంది. ఆ కుదుపుకు కట్టెను (రైఫిల్ చెక్క పిడిని) పట్టి ఉంచే స్క్రూలు, టెలిస్కోపు బిగింపులు మెల్లగా వదులవుతాయి. స్క్రూ డ్రైవర్ పెట్టి చూడండి. పావు చుట్టు తిరిగినా అనుమానం అక్కడికే పోవాలి.

తరువాత చూడవలసింది పట్టు. డాబా పిట్టగోడ మీద రైఫిల్‌ను నేరుగా ఆనించి కాలిస్తే స్ప్రింగ్ రైఫిల్ ఎగిరిపడుతుంది. గోడ మీద ఇసుక సంచి, దాని మీద మీ అరచేయి, అరచేతిలో రైఫిల్ ఉండాలి. గట్టిగా బిగించి పట్టుకోకండి. ప్రతిసారీ అదే చోట, అదే వదులుతో పట్టుకోండి. ఈ ఒక్క మార్పుతోనే కొందరి సమస్య తీరిపోతుంది, వాళ్లు కొత్త డబ్బా కొననక్కర్లేదు.

ఇవి రెండూ సరిగానే ఉంటే అప్పుడు పెల్లెట్‌ను చేతిలోకి తీసుకోండి. దానికి తల, సన్నని నడుము, వెనుక బోలుగా ఉండే స్కర్ట్ ఉంటాయి. గాలి తోసినప్పుడు స్కర్ట్ విచ్చుకుని గొట్టాన్ని మూస్తుంది. తల రైఫ్లింగ్ గాట్ల (గొట్టం లోపలి మెలితిరిగిన గాట్ల) మీద ఆని తిరుగుతూ బయటికి వస్తుంది. మంచి తయారీదారులు తల వ్యాసాన్ని డబ్బా మీద ముద్రిస్తారు: 4.48, 4.49, 4.50, 4.51, 4.52 అని. మిల్లీమీటరులో నూరో వంతు తేడా ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ బొటనవేలికి ఆ తేడా తెలుస్తుంది. పెల్లెట్ పెట్టగానే జారి లోపల పడితే తల చిన్నది. గోరుతో నొక్కి నొక్కి దించవలసి వస్తే పెద్దది. మెత్తగా ఆని, ఒక్క ఒత్తుకు కూర్చుంటే సరైన కొలత. అన్నిటికన్నా ముందు 4.50, 4.51 ప్రయత్నించండి.

కొలత సరిపోయినా స్కర్ట్ నొక్కుకుపోయి ఉండవచ్చు. సీసం మెత్తటి లోహం. డబ్బా చేయి జారి ఒక్కసారి నేల మీద పడినా, స్కూటరు డిక్కీలో స్పానర్లతో కలిసి బందరు రోడ్డు గుంతలన్నీ తిన్నా సగం పెల్లెట్ల స్కర్టులు కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. అద్దం పలక మీద పెల్లెట్‌ను దొర్లించి చూడండి. తల, స్కర్ట్ వ్యాసాలు వేరు కాబట్టి మంచి పెల్లెట్ వంపు తిరుగుతూ నున్నగా దొర్లుతుంది. దెబ్బతిన్నది కుంటుతుంది, ఒక చోట తడబడి ఆగుతుంది. కుంటినవాటిని పక్కన పడేయండి. సరిచేయబోతే ఇంకా పాడవుతాయి. డబ్బా మూత లోపల స్పాంజి ముక్క పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక అసలు పరీక్ష. మూడు నాలుగు రకాల పెల్లెట్లు చిన్న మోతాదులో సంపాదించండి. కలిసి కొనే స్నేహితులుంటే డబ్బు ఆదా. ఒక్కో రకానికి కొత్త కాగితం పెట్టండి. రకం మార్చిన వెంటనే పడే మొదటి అయిదారు షాట్లను లెక్కలోకి తీసుకోకండి, గొట్టం లోపల పాత సీసం పూత మారాలి. తరువాత ఐదేసి షాట్ల చొప్పున రెండు గ్రూపులు (ఒకే గురికి వరసగా కాల్చిన రంధ్రాల గుంపులు) కాల్చి, దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలత తీసి, అందులోంచి 4.5 తీసేయండి. వెర్నియర్ కాలిపర్ కావాలంటే ఆటోనగర్‌లో ఏ పనిముట్ల దుకాణంలోనైనా దొరుకుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌కు 10 మీటర్ల దగ్గర ఐదూ రూపాయి బిళ్ళ కింద దాగితే సంతోషించండి. మ్యాచ్ రైఫిల్‌ను, అంటే పోటీలకు చేసినదాన్ని, స్టాండుకు బిగించి కాలిస్తే ఐదూ కలిసి దాదాపు ఒకే రంధ్రంలా కనపడాలి. ఒక్క మంచి గ్రూపు చూసి మురిసిపోవద్దు. రెండోదీ అలాగే రావాలి.

10 మీటర్ల దగ్గర చక్కగా ఉంది, 25 దగ్గర చెడిపోతోంది

ఇది ఆకారం వల్ల వచ్చేది. మ్యాచ్ పెల్లెట్‌కు తల చదునుగా ఉంటుంది. కాగితాన్ని గుండ్రంగా, అంచు చిరగకుండా పంచ్ చేసినట్టు కోస్తుంది, స్కోరు చదవడం తేలిక. 10 మీటర్ల పోటీకి దాన్ని మించినది లేదు. అదే చదును ముఖం గాలిని ఎక్కువ ఎదుర్కొంటుంది కాబట్టి వేగం త్వరగా పడిపోతుంది. 20, 25 మీటర్లు దాటాక గురి సడలుతుంది. గుండ్రటి తల పెల్లెట్ అంత దూరం తీరుగా వెళుతుంది. కాగితం మీద అది చేసే రంధ్రం చిరిగినట్టు ఉంటుంది, అంతే నష్టం.

కాబట్టి స్ప్రింగ్ రైఫిల్‌తో దగ్గరా దూరమూ రెండూ కాల్చేవారు ఒకే డబ్బా కొనదలిస్తే నా ఓటు 0.53 నుంచి 0.55 గ్రాముల గుండ్రటి తల సీసపు పెల్లెట్‌కు. జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 0.547 గ్రాములది, ఆర్‌డబ్ల్యూఎస్ సూపర్‌డోమ్ ఈ కోవలోవే. క్లబ్బులో 10 మీటర్లు మాత్రమే కాల్చేవారికి చదును తలే. రైఫిల్‌కు 0.53 గ్రాములవి, పిస్టల్‌కు అంతకన్నా తేలికైనవి వాడడం ఆనవాయితీ. సూది మొన పెల్లెట్లు చూడడానికి భయంకరంగా ఉంటాయి, కొనేవాళ్లూ అందుకే కొంటారు. మొన అన్నిటికీ ఒకే తీరున రావడం కష్టం కాబట్టి గురిలో వెనకబడతాయి.

షాటుకు 'ఠాప్' మని పేలుడు శబ్దం, గ్రూపు చెల్లాచెదురు

దీనికి రెండు కారణాలు ఉంటాయి. ముక్కుతో తేల్చవచ్చు. గొట్టం మూతి దగ్గర పొగ, మాడిన నూనె వాసన ఉంటే లోపల నూనె మండుతోంది. స్ప్రింగ్ రైఫిల్ పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి నూనె డీజిలులా అంటుకుంటుంది. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనో కొబ్బరినూనో రంధ్రంలో పోసినవారికి ఇది తప్పదు. కొన్ని పదుల షాట్లకు తగ్గిపోతే వదిలేయండి. తగ్గకపోతే మెకానిక్ విప్పి తుడవాలి. గాలి గది వైపు మామూలు నూనె చుక్క కూడా వేయకూడదు.

పొగ, వాసన లేకుండా శబ్దం మాత్రమే వస్తే పెల్లెట్ మరీ తేలికైనది. 20 జౌళ్ల శక్తితో 0.53 గ్రాముల పెల్లెట్ లెక్క ప్రకారం సెకనుకు 275 మీటర్ల దగ్గర పోతుంది. అదే శక్తి 0.35 గ్రాముల సీసం లేని పెల్లెట్‌కు ఇస్తే 338 వస్తుంది. 20 డిగ్రీల దగ్గర శబ్ద వేగం 343 మీటర్లు, మన రోహిణి కార్తె ఎండలో 355 దాకా వెళుతుంది. ఆ గీత సమీపానికి వచ్చిన పెల్లెట్ ఊగిసలాడుతుంది, కాగితంలో పక్కకు పడి పొడుగు రంధ్రం చేస్తుంది. పైగా ముందున్న బరువు చాలక పిస్టన్ గట్టిగా గుద్దుకుని స్ప్రింగ్, వాషర్ అరుగుతాయి. "అదనపు వేగం" అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసినవి ఎక్కువగా ఈ జాతే. వాటిని వదిలి బరువైనదానికి మారండి.

గ్రూపు అడ్డంగా బాగుంది, నిలువుగా సాగుతోంది

నిలువు సాగుడు అంటే వేగంలో తేడా. లెక్క చూడండి: 10 మీటర్ల దగ్గర వేగం సెకనుకు 170 నుంచి 160 మీటర్లకు తగ్గితే పెల్లెట్ సుమారు 2 మి.మీ. కిందికి దిగుతుంది. పోటీ లక్ష్యంలో 10 చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే, కాబట్టి 2 మి.మీ. అంటే పతకం పోయినట్టే. నింపి ఉంచిన గాలితో నడిచే రైఫిల్ అయితే సిలిండర్ పీడనం చూడండి. రెగ్యులేటర్ (ప్రతి షాటుకూ పీడనాన్ని ఒకేలా ఉంచే భాగం) లేని రైఫిల్‌లో పీడనం తగ్గే కొద్దీ గ్రూపు స్థానం మారుతుంది. (చేతిలో సిలిండర్ ఉండగానే దాని మీది తయారీ తేదీ కూడా చదవండి. పోటీ నిబంధనల ప్రకారం పదేళ్లు దాటినది పనికిరాదు.) పీడనం సరిగానే ఉంటే పెల్లెట్ల బరువు. మిల్లీగ్రాము చూపే త్రాసు మీద పది పెల్లెట్లు తూచండి. వాటి మధ్య తేడా 10 మిల్లీగ్రాములు దాటితే ఆ డబ్బా సాధనకే, పోటీకి కాదు.

పాత డబ్బాతో బాగుంది, అదే బ్రాండు కొత్త డబ్బాతో చెడింది

అచ్చు వాడే కొద్దీ అరుగుతుంది, తరువాతి విడత పెల్లెట్ కొలత కొద్దిగా మారుతుంది. డబ్బా వెనుక ఉండే బ్యాచ్ సంఖ్య అందుకే. మీ గొట్టం ఒప్పుకున్న బ్యాచ్ దొరికితే అదే సంఖ్య ఉన్నవి సీజనుకు సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. కృష్ణ ఒడ్డు తేమకు తెరిచి ఉంచిన సీసం తెల్లటి పొడి పడుతుంది. అలాంటివి గొట్టంలోకి పంపకండి. మూత బిగించి, ఎండ తగలని బీరువాలో ఉంచండి.

గొట్టం తుడిచిన రోజే గురి చెడుతోంది

ఇది సమస్యే కాదు. తుడిచిన గొట్టంలో సీసం పూత మళ్లీ కుదురుకోవడానికి పది, ఇరవై షాట్లు పడతాయి. పోటీ ముందురోజు ఫెల్ట్ ముక్కలతో తుడిచి, అలాగే వెళ్లేవారే బాధపడతారు.

మిగిలినవి క్లుప్తంగా. ఉక్కు గుండ్లు రైఫ్లింగ్ ఉన్న గొట్టంలో వేయకండి, గాట్లు గీసుకుపోతాయి. గోడకో ఇనుప రేకుకో తగిలితే అవి నేరుగా మీ మీదికే తిరిగి వస్తాయి. ఏది కాల్చినా కళ్లద్దాలు పెట్టుకోండి. లక్ష్యం వెనుక మందపాటి చెక్క, దాని వెనుక ఇసుక సంచి ఉంచండి. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్నవారికి మీ బ్యాచ్ సంఖ్యతో పని లేదు. పెల్లెట్లను పంటి మధ్య పెట్టుకుని లోడు చేసే అలవాటు పిల్లలకు ఉంటే ఈరోజే మాన్పించండి. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకు పెద్దలకన్నా ఎక్కువ హాని. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే భోజనానికి కూర్చోవాలి.